మా పాప ఎన్నాళ్లు బతుకుతుందని అడిగిన తల్లికి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్ ఆరోగ్యం పేజీలో ఒక తల్లి ప్రశ్న వేశారు. మా పాపకి ఎనిమిదేళ్లు, రెండు నెలల కిందట టైప్ వన్ షుగర్ అని చెప్పారు, రోజుకి నాలుగు ఇంజెక్షన్లు వేస్తున్నాం, అసలు మా పాప ఎన్నాళ్లు బతుకుతుందండీ అని రాసింది ఆవిడ. డాక్టర్ గారు ఇచ్చిన జవాబులో తప్పేం లేదు, ఇన్సులిన్ మానొద్దు, టైముకి తినాలి, చెకప్‌లు చేయించాలి అని ఐదు లైన్లు రాశారు. కానీ ఆవిడ అడిగింది అది కాదు కదండీ. ఆ రోజు నుంచి నాకు మనసులో అదే తిరుగుతోంది, ఎందుకంటే 1984లో మా అమ్మ సరిగ్గా ఇదే మాట అడిగింది, నేను హాస్పిటల్ మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని విన్నాను, నిద్రపోయాననుకున్నారు వాళ్లు. ఇరవై ఏళ్లు దాటితే అదృష్టం అనుకోండమ్మా అన్నారు ఆ డాక్టర్ గారు. నాకప్పుడు పదేళ్లు.

నాకిప్పుడు 51. షుగర్ వచ్చి 41 ఏళ్లయింది. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల టీచర్ని, రోజూ నిలబడే పాఠం చెప్తాను. ఆ తల్లికి ముందు ఈ నాలుగు ముక్కలు చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను, పొడుగైతే ఏమనుకోకండి, మీకు వీలైనంత వేయండి.

నాకు ఎలా వచ్చిందంటే ఆ ఎండాకాలం కుండలో నీళ్లు మొత్తం నేనే తాగేసేదాన్ని, రాత్రి నాలుగైదుసార్లు లేచేదాన్ని, పదేళ్ల పిల్లని పక్క తడిపేశాను కూడా. గౌన్లు వదులైపోయాయి. మా నాయనమ్మ మాత్రం ఒకటి కనిపెట్టింది, నేను ఒంటికి వెళ్లిన చోట చీమలు బారులు కట్టాయని. ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఊళ్లో డాక్టరు కడుపులో నులిపురుగులన్నాడు, తర్వాత నీరసమని గ్లూకోజ్ సెలైన్ ఎక్కించాడు, షుగర్ ఆకాశాన్ని అంటిన పిల్లకి గ్లూకోజ్ ఎక్కిస్తే ఏమవుతుందో అదే అయింది, గుంటూరు తీసుకెళ్లేటప్పటికి నాకు స్పృహ లేదు. ఇది చదివే తల్లిదండ్రులు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి, పిల్లలు విపరీతంగా నీళ్లు తాగుతూ, మాటిమాటికీ ఒంటికి వెళ్తూ, తింటున్నా చిక్కిపోతుంటే వేలి మీద ఒక్క చుక్క రక్తం తీసి షుగర్ చూడమని అడగండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా ఊపిరి తీయడం, నోట్లోంచి పండిన పండు వాసన రావడం మొదలైతే అప్పుడిక గంటలే టైము ఉంటుంది, రోజులు కాదు.

ఇంకోటి, ఆ తల్లి తన్నుతాను తిట్టుకుంటూ ఉండుంటుంది, చాక్లెట్లు ఎక్కువ పెట్టానేమో అని. మా అమ్మ చచ్చిపోయేదాకా తిట్టుకుంది, మా నాన్నది కిరాణా కొట్టు, నేను పటికబెల్లం డబ్బా పక్కనే పెరిగాను కాబట్టి. దానికీ దీనికీ సంబంధం లేదమ్మా. ఒంట్లో జబ్బుల మీద పోరాడాల్సిన కణాలే పొరపాటున క్లోమ గ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తాయి, అందుకే బయటి నుంచి ఇవ్వాలి. పెద్దవాళ్లకి వచ్చే షుగర్ వేరు, వాళ్లకి ఇన్సులిన్ కొంత ఉంటుంది. మన పిల్లలకి ఇన్సులిన్ మందు కాదు, అన్నం లాంటిది. అలవాటైపోతుందేమో అని ఎవరన్నా అంటే అన్నం అలవాటైపోతుందని ఎవరన్నా మానేస్తారా అని అడగండి.

మా నాన్న గురించి చెప్పాలి. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. అప్పుడు ఇంట్లో రక్తం చూసే మెషీన్లు లేవు మాకు. పొద్దున్నే లేవగానే గాజు గొట్టంలో నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణం అయిదు మిల్లీలీటర్లు పోసి, నా మూత్రం ఎనిమిది చుక్కలు లెక్కపెట్టి వేసి, స్పిరిట్ దీపం మీద చెక్క పట్టకారుతో పట్టుకుని మరిగించేవాడు. నీలంగానే ఉంటే షుగర్ పోవట్లేదని, ఆకుపచ్చయితే కొంచెం, పసుపు, నారింజ, ఇటుక రంగు వస్తే బాగా ఎక్కువని. నేను పళ్లు తోముకుంటూ ఆ గొట్టం వంకే చూసేదాన్ని, రంగు తిరిగేటప్పుడు గుండె దడదడలాడేది, స్కూల్లో రిజల్ట్స్‌కి కూడా అంత భయపడలేదు నేను. ఇటుక రంగొచ్చినా ఆయన ఏ రోజూ నన్ను కసరలేదు, నిన్నేం తిన్నావో చెప్పమ్మా అని అడిగి కొట్టు ఖాతా పుస్తకంలో చివరి పేజీల నుంచి వెనక్కి రాసుకుంటూ వచ్చేవాడు. ముందు వైపు ఊళ్లోవాళ్ల అప్పులు, వెనక వైపు నా రంగులు. గాజు సిరంజి, లావుపాటి సూది గిన్నెలో మరిగించి వేసేవాడు, సూది మొద్దుబారితే రాయి మీద సాన పట్టేవాడు. ఫ్రిజ్ లేదు, పెద్ద కుండలో తడి ఇసుక పోసి అందులో చిన్న కుండ పెట్టి ఇన్సులిన్ సీసా దాచేవాడు, ఇప్పటికీ కరెంటు పోయే ఊళ్లలో అది పనికొచ్చే పద్ధతే. ఆ గొట్టంలో రంగు నాలుగైదు గంటల కిందటి సంగతి చెప్తుంది, ఇప్పుడు రక్తంలో ఎంతుందో చెప్పదు, అంత గుడ్డిగా చేసిన వైద్యంతో కూడా నేను బతికాను. ఇప్పుడు ఆ పాప వేలి మీద చుక్క తీస్తే అయిదు సెకన్లలో నంబరొస్తుంది.

లెక్కల టీచర్ని కదా, ఒకసారి కూర్చుని లెక్కేశాను, మొదటి ఇరవై ఏళ్లు రోజుకి రెండు, తర్వాత ఇరవై ఒక్క ఏళ్లు రోజుకి నాలుగు, మొత్తం 45 వేలు దాటాయి నా ఇంజెక్షన్లు. ఆ లెక్క ఎందుకేశానంటే ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయి గురించి చదివాను. అమెరికా విదేశాంగ మంత్రి కూతురు, 1919లో షుగర్ వచ్చింది, ఇన్సులిన్ లేని కాలం, అప్పుడున్న ఒకే ఒక వైద్యం కడుపు మాడ్చడం. 1922 ఆగస్టులో కెనడాలోని టొరంటోలో, ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన డాక్టర్ బాంటింగ్ గారి దగ్గరికి తీసుకెళ్లేటప్పటికి 15 ఏళ్ల పిల్ల, బరువు 20 కిలోలు. ఇన్సులిన్ మొదలుపెట్టాక ఆ అమ్మాయి డిగ్రీ చదివింది, పెళ్లి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కన్నది, 1981లో 73 ఏళ్లకి పోయింది. ఆవిడ వేసుకున్నవి సుమారు 42 వేల ఇంజెక్షన్లని రాశారు. అంటే ఆ విషయంలో నేను ఆవిణ్ని దాటేశాను. అమెరికాలో బోస్టన్‌లో ఉన్న జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ వాళ్లు ఇన్సులిన్‌తో 50 ఏళ్లు బతికినవాళ్లకి 1970 నుంచి పతకాలిస్తున్నారు, వేల మంది తీసుకున్నారు, 75 ఏళ్లకి కూడా పతకం ఉంది. నాకు ఇన్సులిన్‌తో 50 ఏళ్లు నిండేది 2034లో. పతకం సంగతి అలా ఉంచి ఆ సంవత్సరం మాత్రం గోడ మీద కాలెండర్‌లాగా నా కళ్లెదురుగానే ఉంటుంది.

ఆ తల్లి ఫోన్‌లో వెతికే ఉంటుంది, వెతికితే భయపెట్టే లెక్కలు కనబడతాయి, అవి అబద్ధాలని నేను చెప్పను. స్కాట్లండ్‌లో 2015లో వేసిన లెక్కలో 20 ఏళ్ల వయసు నుంచి చూస్తే టైప్ వన్ ఉన్న మగవాళ్లకి సుమారు 11 ఏళ్లు, ఆడవాళ్లకి 13 ఏళ్లు ఆయుష్షు తగ్గుతోందని తేలింది. కానీ ఆ లెక్కలో ఉన్నవాళ్లలో నాలాగా గాజు గొట్టం కాలంలో పెరిగినవాళ్లున్నారు, ఇవాళ షుగరొచ్చిన పిల్ల రేపు ఎన్నేళ్లు బతుకుతుందో పాత లెక్క పూర్తిగా చెప్పలేదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర చూశారు, 1950కీ 1964కీ మధ్య షుగరొచ్చినవాళ్ల సగటు ఆయుష్షు 53 చిల్లర అయితే 1965కీ 1980కీ మధ్య వచ్చినవాళ్లది 69కి దగ్గరకొచ్చింది. పదిహేనేళ్లు పెరిగింది, అదీ ఇప్పటి ఇన్సులిన్ పెన్నులు, షుగర్ చూసే సెన్సర్లు ఏవీ రాకముందు మొదలైనవాళ్లకి.

ఎందుకు పెరుగుతోందంటే, 1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాల్లో 1,441 మందిని పెట్టి ఒక పెద్ద స్టడీ చేశారు. సగం మందికి మామూలుగా ఒకటి రెండు ఇంజెక్షన్లు, మిగతా సగానికి రోజూ చాలాసార్లు షుగర్ చూసుకుంటూ మూడు అంతకంటే ఎక్కువ ఇంజెక్షన్లు లేదా ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంపు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మొదటివాళ్లకి 9 దగ్గర, రెండోవాళ్లకి 7 దగ్గర ఉంది. ఆ రెండు పాయింట్ల తేడాకి కొత్తగా కంటి జబ్బు రావడం 76 శాతం తగ్గింది. అప్పటిదాకా ఇంత కష్టపడి కంట్రోల్ చేస్తే నిజంగా ఉపయోగం ఉందా అనే డౌటు డాక్టర్లకే ఉండేది. దాని తర్వాత కథ నాకింకా ఇష్టం, స్టడీ అయిపోయాక రెండు గుంపులవాళ్లకీ షుగర్ ఇంచుమించు ఒకేలా అయిపోయింది, అయినా మొదట్లో జాగ్రత్తగా ఉన్నవాళ్లకి ఆ మేలు ఏళ్ల తరబడి నిలిచింది, 27 ఏళ్ల తర్వాత చూస్తే వాళ్లలో చావు ముప్పు కూడా మూడో వంతు తక్కువ. అంటే మొదటి సంవత్సరాలు బ్యాంకులో వేసిన డబ్బు లాంటివి. ఆ పాపకి ఇప్పుడు నడుస్తున్నవి అవే సంవత్సరాలు.

ఇప్పుడు నేను అసలు భయపడే విషయం చెప్తాను. ఆ పాపకి షుగరొచ్చి రెండు నెలలన్నారు. ఈ టైములోనే చాలామంది పిల్లలకి ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గిపోతుంది, చావకుండా మిగిలిన కొద్ది కణాలు ఊపిరి పీల్చుకుని మళ్లీ పని చేస్తాయి కొన్ని నెలలు, దీన్ని డాక్టర్లు హనీమూన్ పీరియడ్ అంటారు. డోసు సగానికి సగం తగ్గించాల్సొస్తుంది, ఇంట్లోవాళ్లు తగ్గిపోతోంది దేవుడా అనుకుంటారు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు వస్తారు, ఫలానా ఊళ్లో ఆకు పసరు ఇస్తున్నారు, ఫలానా పొడి వాడితే ఇంజెక్షన్లు మానేయొచ్చని. వాడతారు, నంబర్లు బాగుంటాయి, పొడి పనిచేసిందనుకుంటారు. పొడి కాదండీ, అది ఆ నాలుగు కణాల ఆఖరి కష్టం. మా పక్క ఊళ్లో పన్నెండేళ్ల పిల్లాడు, మా స్కూలు కాదు గానీ నాకు తెలుసు, అలాగే ఇన్సులిన్ ఆపేశారు, మూడో రోజుకి వాంతులు, ఎగశ్వాస, దిష్టి తగిలిందని నిమ్మకాయలు తిప్పారు. నాకు కబురొచ్చేసరికి అయిపోయింది. ఆ తల్లిదండ్రుల్ని నేను ఒక్క మాట అనను, బిడ్డకి రోజూ సూదులు పొడవలేక నమ్మారు వాళ్లు. కానీ మీ పేపర్లో వెనక పేజీలో షుగర్ని సమూలంగా నిర్మూలిస్తాం, ఇన్సులిన్ మానిపిస్తాం అనే ప్రకటనలు వచ్చినప్పుడల్లా నాకు ఆ పిల్లాడు గుర్తొస్తాడు. ఎడిటర్ గారూ, దండం పెట్టి అడుగుతున్నాను, అవి వేయకండి.

రోజువారీ ఎలా ఉంటుందంటే, కష్టంగానే ఉంటుంది కానీ చేతనవుతుంది. ఇడ్లీ ఎన్ని, అన్నం ఎంత అని తూకం వేసి దానికి తగ్గట్టు ఇన్సులిన్ వేసుకోవడం నేర్చుకోవాలి, నాకు కప్పు అన్నమంటే సుమారు 45 గ్రాముల పిండి పదార్థమని కంటితో చూస్తేనే తెలిసిపోతుంది ఇప్పుడు. పండక్కి బూరె కూడా తింటాను, ఒకటి, దానికి సరిపడా ఇన్సులిన్ వేసుకునే తింటాను. పొట్ట మీద, తొడల మీద చోటు మారుస్తూ పొడవాలి, ఒకే చోట పొడిస్తే గడ్డ కట్టి అక్కడ ఇన్సులిన్ సరిగా ఒంటికి పట్టదు. జ్వరమొచ్చి ఏం తినకపోయినా లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్, అంటే ఎక్కువ గంటలు పనిచేసేది, మానకూడదు, ఇక్కడ పెద్ద పెద్దవాళ్లే తప్పు చేస్తారు, తినలేదు కదా అని ఆపేస్తారు. ఇంకో ప్రమాదం సిరంజి దగ్గర ఉంది, మన దగ్గర సీసాలో ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి, ఇన్సులిన్ పెన్నులో పెట్టే కార్ట్రిడ్జ్‌లో ఉండేది మిల్లీలీటరుకి 100 యూనిట్లది. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు డోసు పోతుంది. మందుల షాపులో ఏ సిరంజి ఇచ్చారో రోజూ చూసుకోవాలి.

లో షుగర్, అంటే రక్తంలో షుగర్ మరీ పడిపోవడం, అదంటే ఎక్కువ భయం అందరికీ. ప్రతి జూన్‌లో స్కూలు తెరిచిన మొదటి రోజే క్లాసులో పిల్లలకి చెప్పేస్తాను, నాకు షుగర్ ఉంది, నేను తికమకగా మాట్లాడినా, చెమటలు పట్టినా, నా సంచీలో ముందు అరలో గ్లూకోజ్ పొడి ఉంటుంది, తెచ్చివ్వండి అని. మూడేళ్ల కిందట తొమ్మిదో తరగతిలో బోర్డు మీద సమీకరణం చేస్తున్నాను, ఒకే లైను మూడుసార్లు రాశానట, నాకు తెలియనే తెలియదు. వెనక బెంచీలో కూర్చునే పిల్లాడు, లెక్కల్లో ఎప్పుడూ పాస్ మార్కులు దాటనివాడు, లేచొచ్చి సంచీ తీసి, టీచర్ మీరు ముందు ఇది తినండి అన్నాడు. 15 గ్రాములు, అంటే మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలాగి చూసుకుంటే 70 దాటింది, తాగేముందు 48 ఉంది. దాచుకుని ఉంటే ఆ పిల్లాడు నవ్వుకుంటూ కూర్చునేవాడు, వాడికేం తెలుస్తుంది పాపం. స్పృహ తప్పినవాళ్లకి మాత్రం నోట్లో ఏం పోయకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

దాచడం అనే మాట వచ్చింది కాబట్టి పెళ్లి సంగతి. ఆ ఎలిజబెత్ గారు కూడా జబ్బు సంగతి బయటివాళ్లకి తెలియకుండా జీవితమంతా దాచుకుందట, అది చదివి నాకు ఏడుపొచ్చింది. మా అమ్మ కూడా దాచమంది. నాన్న ఒప్పుకోలేదు, చూపులకి వచ్చినవాళ్లకి కాఫీ ఇచ్చేలోపే చెప్పేసేవాడు, రెండు సంబంధాలు అక్కడికక్కడే పోయాయి. మూడోసారి మా అత్తగారు ఒకటే అడిగారు, పిల్ల ఎన్నింటికి తినాలి అని. అప్పటి ఇన్సులిన్లకి టైముకి తినకపోతే పడిపోతాం, ఎనిమిదింటికి, ఒంటిగంటకి, రాత్రి ఎనిమిదింటికి అని నాన్న చెప్పాడు. ఆ ఇంట్లో ఇప్పటికీ అవే టైములు, ఇన్సులిన్ మారిపోయి నేను ఎప్పుడు తిన్నా పర్లేదన్నా ఆవిడ వినరు. 2001లో బాబు పుట్టాడు, ఆ తొమ్మిది నెలలూ రోజుకి ఏడెనిమిదిసార్లు వేలు పొడుచుకున్నాను. పిల్లలకి వచ్చేస్తుందని భయపడి సంబంధాలు వదులుకునేవాళ్ల కోసం చెప్తున్నాను, తల్లికి టైప్ వన్ ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం వందలో రెండు మూడు. మావాడికి రాలేదు.

నాకు ఏ ఇబ్బందీ రాలేదని మాత్రం రాయను. 2006లో కుడి కంటికి లేజర్ చేశారు, ఏడాదికోసారి చుక్కలు వేసి రెటీనా చూడటం వల్ల టైముకి దొరికింది, చూపు బాగానే ఉంది. భుజం బిగుసుకుపోయి రెండేళ్లు జడ వేసుకోలేకపోయాను, ఇది కూడా షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువే. మూత్రంలో ప్రొటీన్ కొద్దిగా కనబడితే, అది కిడ్నీలకి దెబ్బ మొదలయ్యే గుర్తు కాబట్టి, మాత్ర మొదలుపెట్టారు, పదేళ్లుగా అక్కడే ఆగింది. రాత్రి పడుకునే ముందు పాదాలు చూసుకుంటాను. ఇలా ఒక్కోటి కనిపెట్టి ఆపుకుంటూ రావడమే నలభై ఏళ్లు.

పాకిస్తాన్ క్రికెటర్ వసీం అక్రమ్ పేరు ఇంట్లో మగవాళ్లకి చెప్పండి, ఆయనకి 1997లో, ముప్పై ఏళ్లప్పుడు టైప్ వన్ వచ్చింది, ఇన్సులిన్ వేసుకుంటూ ఇంకో ఆరేళ్లు ఫాస్ట్ బౌలింగ్ చేశాడు, వన్డేల్లో 500 వికెట్లు దాటింది ఆ తర్వాతే.

ఖర్చు గురించి కూడా మీరు రాయాలి. ఇన్సులిన్ అత్యవసర మందుల జాబితాలో ఉంది, కానీ మా లాంటి ఇళ్లలో నడుం విరిచేది మెషీన్‌లో పెట్టి షుగర్ చూసే స్ట్రిప్పులు. రోజుకి నాలుగు చూసుకోవాలంటే నెలకి 120 స్ట్రిప్పులు, కూలికెళ్లే ఇంట్లో ఎక్కడి నుంచి తెస్తారు, చూసుకోకుండా అంచనాతో వేసేస్తారు, నాన్న గాజు గొట్టం కంటే అదే ఎక్కువ గుడ్డి వైద్యం. ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్ 2021 లెక్కలో మన దేశంలో 20 ఏళ్లలోపు టైప్ వన్ పిల్లలే 2,29,400 మంది, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ. రెండు రాష్ట్రాల్లోనూ పీహెచ్‌సీల్లో ఈ పిల్లలకి ఇన్సులిన్‌తో పాటు స్ట్రిప్పులు కూడా ఫ్రీగా ఇవ్వాలని మీ సంపాదకీయంలో ఒక్కసారి రాయండి. పరీక్షల సంగతి కూడా, సీబీఎస్ఈ 2017లోనే షుగర్ ఉన్న పిల్లలు హాల్లోకి షుగర్ మాత్రలు, పండు, నీళ్లు తెచ్చుకోవచ్చని సర్క్యులర్ ఇచ్చింది, జేఈఈ మెయిన్‌లో కూడా ఒప్పుకుంటున్నారు, అయినా నేను ఇన్విజిలేషన్‌కి వెళ్లిన చోట ఒక అమ్మాయి గ్లూకోజ్ బిస్కెట్ సాక్సులో దాచుకుని కూర్చుంది. కాపీ చీటీ దాచినట్టు. ఆ పిల్ల మొహం ఇంకా గుర్తుంది నాకు.

ఆ తల్లి అడ్రస్ మీ ఆఫీసులో ఉంటే ఈ ఉత్తరం వేసినా వేయకపోయినా ఆవిడకి పంపండి. పాప స్కూల్లో క్లాస్ టీచర్‌కి ఇవ్వడానికి ఒక కాగితం కావాలి, లో షుగర్ వస్తే ఏం చేయాలి, ఇంజెక్షన్ ఎన్నింటికి, ఎవరికి ఫోన్ చేయాలి అని, అది తెలుగులో నీట్‌గా నేను రాసిస్తాను, మీ ద్వారా కబురు చేయమనండి. ఖాతా పుస్తకం లాంటి లావుపాటి నోటుబుక్కు ఒకటి కొనమనండి, నంబర్లు పాప చేతే రాయించమనండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
తెనాలి